తెలుగు తెర, పాత యంత్రం: స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థల హార్డ్‌వేర్ పొంతన చరిత్ర – విశాఖపట్నం నేపథ్యం

వ్యాససంగ్రహం

పాత కంప్యూటరుపై స్వేచ్ఛా నిర్వాహక వ్యవస్థ పనిచేస్తుందా, లేదా అన్నది సాధారణంగా సాంకేతిక ప్రశ్నగానే చర్చకు వస్తుంది. తెలుగు వాడుకరి విషయంలో అది భాషకు సంబంధించిన ప్రశ్న కూడా. యంత్రం నడుస్తూనే ఉండి, తెర మీద తెలుగు మాత్రం రాని స్థితి 1980ల నుంచి నేటిదాకా రూపాలు మార్చుకుంటూ వచ్చింది. ఒకప్పుడు ప్రత్యేకమైన కార్డు, తర్వాత ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం, ఆపైన గ్రాఫిక్స్ డ్రైవర్, ఇప్పుడు ప్రాసెసర్ తరం ఆ స్థితిని నిర్ణయిస్తున్నాయి. ఈ పరిణామాన్ని ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న విశాఖపట్నం నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లినక్స్, హార్డ్‌వేర్ పొంతన, జిస్ట్ కార్డు, యూనికోడ్, తెలుగు లిపి, విశాఖపట్నం.

ఉపోద్ఘాతం

యంత్రం ఎంతకాలం బతకాలో విశాఖపట్నానికి బాగా తెలుసు. ఇక్కడి ఓడరేవు 1933లో ప్రారంభమైంది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగారంలోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నారు. బ్లాస్ట్ ఫర్నేసు లోపలి అగ్ని ఇటుకల పొర అరిగిపోతే కొలిమిని చల్లార్చి, కొత్త పొర కట్టి, మళ్లీ రగిలిస్తారు. పొర పాతబడిందని కొలిమిని తుక్కుకు వేయరు.

అదే నగరంలో ఒక కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరుకు ఈ మర్యాద దక్కదు. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతు నిలిపివేసింది. 2021లో వచ్చిన విండోస్ 11 అధికారికంగా పనిచేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, సంస్థ ఆమోదించిన ప్రాసెసర్లలో ఒకటీ ఉండాలి. ఆ రెండూ లేని యంత్రం నిక్షేపంగా పనిచేస్తున్నా కాగితాల మీద పాతదే. ఇటువంటి యంత్రాలకు లినక్స్ ఆధారిత వ్యవస్థలు ప్రత్యామ్నాయమని చాలామంది చెబుతున్నారు. ఆ మాట నిజమే. అయితే తెలుగు శాఖ యంత్రానికి అది ఏ మేరకు నిజమో తేల్చాలంటే నాలుగు దశాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

లిపి కోసం ఒక కార్డు

భారతీయ లిపులను కంప్యూటరు తెర మీదికి తెచ్చే ప్రయత్నం తొలుత హార్డ్‌వేరు మార్గంలో సాగింది. కాన్పూర్ ఐఐటీలో 1980ల తొలి సంవత్సరాల్లో మొదలైన ఈ పరిశోధన, 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థకు చేరి, జిస్ట్ కార్డుగా బజారులోకి వచ్చింది. పర్సనల్ కంప్యూటరు మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న స్లాటులో ఈ కార్డును బిగిస్తే, డాస్ మీద నడిచే వర్డ్‌స్టార్, డీబేస్ వంటి ఇంగ్లీషు ప్రోగ్రాములు కూడా తెలుగును, హిందీని, తమిళాన్ని చూపేవి. 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక, 1991లో ప్రమాణంగా వెలువడిన ఇస్కీ సంకేత పద్ధతి దీనికి ఆధారాలు.

ఈ పరిష్కారంలోని విశేషం నేటి పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. డాస్ తెర అక్షరాల తెర. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం మాత్రమే ఇముడుతుంది. తెలుగులో గుణింతమూ వత్తూ పైనా కిందా పక్కనా పేరుకుంటాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి సంకేతాల లెక్కన స, విరామం, త, విరామం, ర, ఈత్వం అని ఆరు కావాలి. ఆ ఆరింటినీ కలిపి ఒక ఆకృతిగా మలిచే పనిని కార్డు తన మీద వేసుకుంది. ప్రోగ్రాముకు తాను తెలుగు చూపుతున్నానన్న సంగతి కూడా తెలియనక్కరలేదు. పాత యంత్రమైనా, బలహీనమైన ప్రాసెసరైనా, కార్డు ఉంటే తెలుగు వచ్చేది, లేకుంటే రాదు. హార్డ్‌వేర్ పొంతన అన్న మాటకు తెలుగులో తొలి అర్థం ఇదే. కార్డుకు తగిన స్లాటు కొత్త మదర్‌బోర్డుల నుంచి తొలగిపోవడంతో ఆ తెలుగు కూడా దానితోపాటే వెళ్లిపోయింది.

ప్రింటర్ పోర్టులో తాళం

1990లలో విండోస్ వ్యాప్తితో లిపి ఫాంట్లలోకి మారింది. తెలుగు డీటీపీ రంగం అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో స్థిరపడింది. పేజ్‌మేకర్ చివరి సంచిక 7.0 వెలువడింది 2001లో. కానీ తెలుగు పుస్తకాలూ పత్రికలూ సిద్ధాంత గ్రంథాలూ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు దానిలోనే తయారయ్యాయి. విశాఖలో ద్వారకానగర్, డాబాగార్డెన్స్ ప్రాంతాల్లో థీసిస్ టైపు చేయించుకున్న తరానికి ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

ఈ ఫాంట్లలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చారు. కంప్యూటరు లెక్కలో అది తెలుగు కాదు, తెలుగు వేషం వేసిన రోమన్ వరుస. పైగా భారతీయ భాషల ప్యాకేజీలలో కొన్ని, సీ-డాక్ వారి ఐఎస్ఎం, మాడ్యులర్ వారి శ్రీలిపి వంటివి, హార్డ్‌వేర్ తాళంతో వచ్చేవి. అనుమతి లేని నకళ్లను అడ్డుకోవడానికి ప్రింటరు తగిలించే పోర్టుకు ఒక చిన్న పెట్టెను బిగించేవారు. అది లేకపోతే ప్రోగ్రాము తెరుచుకోదు. అమ్మకందారు కోణంలో ఇది సబబే. కానీ పర్యవసానం వేరు. కొత్త కంప్యూటర్ల నుంచి ఆ సమాంతర పోర్టు క్రమంగా మాయమైంది. తాళాన్ని గుర్తించే డ్రైవర్ విండోస్ పాత సంచికలకే పరిమితమైంది. అందువల్ల తాళం ఉన్న పాత యంత్రాన్ని వదులుకోలేరు, దాని మీద మరో నిర్వాహక వ్యవస్థను స్థాపించుకోనూ లేరు. కర్మాగారాలలో ఒక కొలత పరికరానికి తోడుగా వచ్చిన పాత కంప్యూటరును ఆ పరికరం ఉన్నంతకాలం కదిలించని పరిస్థితి ఉంటుంది. డీటీపీ కేంద్రంలోనూ అదే జరిగింది. ఇక్కడ కొలత పరికరం స్థానంలో ఉన్నది తెలుగు లిపి.

2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ముగిసినప్పుడు దేశంలో పలుచోట్ల లినక్స్‌కు మారాలన్న చర్చ నడిచింది. కేరళ పాఠశాలలు అంతకు ముందే, 2000ల దశకంలోనే, ఐటీ ఎట్ స్కూల్ పథకం కింద స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారాయి. సీ-డాక్ 2007లో బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ వాడకంపై విధానపత్రం ప్రకటించింది. వీటి ప్రభావం తెలుగు డీటీపీ యంత్రాలను తాకలేదనే నా అభిప్రాయం. వాటికి అడ్డు నిలిచింది ప్రాసెసరూ కాదు, జ్ఞాపకశక్తీ కాదు. ఆ తాళమూ ఆ ఫాంటూ.

డ్రైవర్ అనే రహస్యం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ జన్మవృత్తాంతంలోనే ఒక హార్డ్‌వేర్ తగవు ఉంది. 1980 ప్రాంతంలో ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ సంస్థ ఇచ్చిన లేజర్ ప్రింటరులో కాగితం తరచు ఇరుక్కునేది. ఆ సంగతి వాడుకరులకు తెలిపే సదుపాయాన్ని జోడించాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. దానిని నడిపే ప్రోగ్రాము మూలం మాత్రం దొరకలేదు. 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడానికి ఇది ఒక ప్రేరణ అని ఆయనే పలుమార్లు చెప్పారు.

1991 ఆగస్టులో లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నల్ గురించి ప్రకటించినప్పుడు అది తన 386 యంత్రానికే కట్టుబడినదని, ఇతర యంత్రాలకు మారడం కష్టమని రాశారు. తర్వాత అది సూపర్ కంప్యూటర్ల నుంచి చేతి ఫోన్ల దాకా విస్తరించింది. అయినా ప్రతి కొత్త పరికరానికీ ఎవరో ఒకరు డ్రైవర్ రాయవలసిందే. చిప్ తయారీదారు వివరాలు బయటపెడితే ఆ పని సులభం. పెట్టకపోతే పరికరం ప్రవర్తనను గమనిస్తూ ఊహించి రాయాలి. 1990ల చివర చౌకగా వచ్చిన అంతర్గత మోడెములు ఇందుకు ఉదాహరణ. సంకేతాలను మార్చే పనిని కంప్యూటరు ప్రాసెసరుకే అప్పగించిన ఆ మోడెములకు డ్రైవర్లు విండోస్‌కు మాత్రమే ఉండేవి. వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ అందించిన తర్వాతి దశకంలో, ఫోను తీగ ద్వారా అంతర్జాలం చూసిన భారతీయ వాడుకరి లినక్స్‌కు మారగానే అంతర్జాలం పోయేది. డ్రైవర్ కావాలంటే అంతర్జాలం కావాలి. ఇది విత్తు ముందా చెట్టు ముందా అన్న చిక్కు. ఆ రోజుల్లో పీసీ క్వెస్ట్, 2003లో మొదలైన లినక్స్ ఫర్ యు పత్రికలతో వచ్చిన సీడీలూ, ఉబుంటు వారు 2011 దాకా ఉచితంగా తపాలాలో పంపిన సీడీలూ ఎంత ఉపకరించాయో నేటి పాఠకుడు ఊహించడం కష్టం. హార్డ్ డిస్కును తాకకుండా సీడీ నుంచే నడిచే నాపిక్స్ వంటి వ్యవస్థలు 2000 నుంచి రావడంతో ఒక యంత్రానికి పొంతన ఉందో లేదో పది నిమిషాల్లో తేల్చుకునే వీలు కలిగింది.

వైర్‌లెస్ కార్డుల కథా ఇలాంటిదే. బ్రాడ్‌కామ్ సంస్థ తన కొత్త చిప్‌లకు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబరులో. అప్పటికి కొన్నేళ్లుగా స్వచ్ఛంద కార్యకర్తలు పాత చిప్‌లను ఛేదించి డ్రైవర్ రాసుకుంటూ వచ్చారు.

అక్షరాల తెరలో తెలుగు లేదు

ఈ వ్యాసానికి కేంద్రమైన అంశం ఇక్కడ వస్తుంది. లినక్స్ వ్యవస్థకు రెండు ముఖాలు ఉన్నాయి. ఒకటి నల్లని అక్షరాల తెర, రెండవది చిత్రాల తెర. గ్రాఫిక్స్ చిప్‌తో పేచీ వస్తే వ్యవస్థ అక్షరాల తెరకు దిగిపోతుంది. ఇంగ్లీషు వాడుకరికి అది అసౌకర్యం మాత్రమే. ఆ తెర ఒకేసారి 256, లేదా హెచ్చంటే 512 ఆకృతులను మాత్రమే చూపగలదు. అక్షరాలను కలిపి సంయుక్తం చేయడం దానికి రాదు. కాబట్టి అక్కడ తెలుగు అసాధ్యం. జిస్ట్ కార్డు డాస్ అక్షరాల తెర మీద సాధించినదాన్ని లినక్స్ అక్షరాల తెర నేటికీ సాధించలేదు.

డెబియన్ స్థాపన ప్రక్రియ చరిత్రలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో వచ్చిన డెబియన్ 4.0తో చిత్రరూప స్థాపకం ప్రవేశించింది. అక్షరాల తెర మీద చూపలేని భారతీయ భాషలకు అది దారి తెరిచింది. తర్వాతి కాలంలో తెలుగూ అందులో చేరింది. అంటే వ్యవస్థను స్థాపించే మొదటి ప్రశ్న తెలుగులో కనిపించాలన్నా గ్రాఫిక్స్ చిప్ సహకరించాలి.

ఈలోగా లిపి పక్షాన పని చాలానే జరిగింది. 1991లోనే యూనికోడ్ తొలి సంచికలో తెలుగుకు స్థానం దక్కింది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు, రెడ్‌హ్యాట్ విడుదల చేసిన లోహిత్ తెలుగు, అక్షరాలను కూర్చే పాంగో, హార్ఫ్‌బజ్ గ్రంథాలయాలు కలిసి కార్డు చేసిన పనిని సాఫ్ట్‌వేరులోకి తెచ్చాయి. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో నిర్వాహక వ్యవస్థను రూపొందించి, ఇంజనీరింగ్ కళాశాలల్లో గ్నూ/లినక్స్ వాడుకరుల బృందాలను ప్రోత్సహించింది. లిపి ఇక ఏ పెట్టెకూ బందీ కాదు.

లిపిని సాఫ్ట్‌వేరులో కూర్చడం పాత యంత్రానికి భారమవుతుందన్న అపోహ ఒకటి ఉంది. లెక్క చూద్దాం. ఇస్కీలో ‘స్త్రీ’కి ఆరు బైట్లు, యూనికోడ్‌ను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది. భారం మూడింతలైంది. అయినా ఆరు లక్షల సంకేతాలున్న పెద్ద సిద్ధాంత గ్రంథం కూడా 18 లక్షల బైట్లే, అంటే రెండు మెగాబైట్ల లోపే. ఒక ఫ్లాపీలో పట్టదు, అంతే. పెంటియం 3 యంత్రానికి సైతం ఇది లెక్కలోకి రాదు. బరువంతా వెబ్ బ్రౌజర్లది, తెలుగుది కాదు. సరికొత్త యంత్రమైతే తెలుగుకు భద్రమనీ అనుకోనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ప్రత్యేకంగా సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

కాబట్టి పాత యంత్రంలో తెలుగుకు గండం గ్రాఫిక్స్ చిప్ దగ్గరే ఉంది. 2000ల నడుమ చౌక మదర్‌బోర్డుల్లో ఇంటెల్ చిప్‌లతోపాటు వయా, సిస్ కంపెనీల అంతర్గత గ్రాఫిక్స్ ఉండేవి. ఇంటెల్ వాటికి స్వేచ్ఛా డ్రైవర్లు బాగా పనిచేశాయి. తక్కిన రెండింటికీ మద్దతు ఎప్పుడూ అంతంతమాత్రమే. 2012లో వచ్చిన మెసా 8.0 సంచికలో త్రిమితీయ చిత్రణకు సంబంధించిన పాత డ్రైవర్లనేకం, సిస్, వయా చిప్‌లవి సహా, తొలగిపోయాయి. అటువంటప్పుడు ఆదుకునేది వెసా అనే సామాన్య డ్రైవర్. తెర కొలత సరిగా కుదరదు, వేగం ఉండదు. కానీ తెలుగు వస్తుంది. ప్రయోగశాలలో పాత యంత్రాలను పరీక్షించేవారు ప్రాసెసర్ పేరు రాసుకుని ఊరుకుంటారు. రాసుకోవలసిన మొదటి పేరు గ్రాఫిక్స్ చిప్‌ది.

స్వేచ్ఛా వ్యవస్థలు గీసిన గీతలు

పాతబడటాన్ని నిర్ణయించేది వాణిజ్య సంస్థలే అనుకుంటే పొరపాటు. లినక్స్ తాను పుట్టిన 386 ప్రాసెసరునే 2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 సంచికతో విడిచిపెట్టింది. 2012 అక్టోబరులో ఉబుంటు 12.10, పీఏఈ అనే సదుపాయం లేని ప్రాసెసర్లకు సెలవిచ్చింది. 2003లో వచ్చిన తొలి పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లది ఇక్కడ విచిత్ర పరిస్థితి. వాటిలో చాలావాటికి ఆ సదుపాయం ఉంది, కానీ ఉన్నట్టు ప్రాసెసర్ ప్రకటించుకోదు. ఆ మాటను నమ్మి వ్యవస్థ స్థాపనకు నిరాకరించేది. ‘ఫోర్స్‌పీఏఈ’ అని ఒక్క పదం చేర్చి నడిపించే వెసులుబాటు 2014లో వచ్చింది. శక్తి ఉండీ పత్రం లేక తిరస్కారం పొందడం మన కార్యాలయాలకు కొత్త కాదు.

2017లో ఫైర్‌ఫాక్స్ 53, పెంటియం 4 కన్నా వెనకటి ప్రాసెసర్లకు లినక్స్‌లో మద్దతు ఆపింది. 32 బిట్ లినక్స్‌కు క్రోమ్ 2016లోనే తలుపు మూసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు స్థాపకమూ కెర్నలూ లేవు. ఈ నిర్ణయాల వెనుక లాభాపేక్ష లేదు. పరీక్షించే మనుషుల కొరత ఉంది. పాత చిప్ ఉన్న యంత్రం ఎవరి బల్ల మీదా లేకపోతే దాని డ్రైవర్ చెడిందని చెప్పేవారే ఉండరు. మూలం అందరికీ తెరిచే ఉంది. దానిని కాపాడే చేతులు చాలలేదు. ఈ రెండు రకాల కారణాలనూ ఒకే గాటన కట్టే వాదనలు నాకు సమ్మతం కాదు. రహస్యం వల్ల మూసుకుపోయిన దారిని బయటివారు తెరవలేరు. శ్రమ చాలక మూసుకుపోయినదాన్ని తెరవవచ్చు.

ఉప్పుగాలి

శాసనం వల్ల వచ్చే వార్ధక్యం ఒకటైతే, లోహానికి వచ్చేది మరొకటి. సముద్రతీర నగరంలో తేమా ఉప్పూ కలిసిన గాలికి మెమరీ పట్టీల అంచులూ స్లాటుల స్పర్శస్థానాలూ మసకబారతాయి. 2000ల తొలి సంవత్సరాల్లో తయారైన మదర్‌బోర్డులలో నాసిరకం ద్రావకం వల్ల కెపాసిటర్లు ఉబ్బి పగిలిన ఉదంతం ప్రపంచమంతటా జరిగింది. వీటిని లినక్స్ పొంతనలేమిగా పొరపడటం సాధారణం. స్థాపన నడుమ యంత్రం ఆగిపోతే నింద వ్యవస్థ మీద పడుతుంది. మెమరీ పట్టీని తీసి రబ్బరుతో తుడిచి పెడితే అదే స్థాపన పూర్తవుతుంది. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు భద్ర వెబ్‌సైట్ల ధ్రువపత్రాలు ఇంకా మొదలే కాలేదని బ్రౌజరు వాటిని తిరస్కరిస్తుంది. అంతర్జాలం పనిచేయడం లేదని పక్కన పెట్టిన యంత్రాలలో కొన్నింటికి కావలసింది ఆ చిన్న బ్యాటరీయే.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు పునరుద్ధరణ చేసేవారిని కూడా నమోదు పరిధిలోకి తెచ్చాయి. కళాశాలల పాత యంత్రాలు ఇక తూకానికి అమ్మే తుక్కు కావు. నమోదైన సంస్థలకు అప్పగించవలసినవి. తెలుగు శాఖల విషయంలో అప్పగింతకు ముందు జరగవలసిన పని ఒకటి ఉంది, అది ఎక్కువగా విస్మరణకు గురవుతోంది. తాళం ఉన్న పాత యంత్రాన్ని కూడా పెన్‌డ్రైవ్ మీది లినక్స్‌తో, అది పెన్‌డ్రైవ్‌ను గుర్తించనంత పాతదైతే సీడీతో, ప్రారంభించవచ్చు. తాళంతో నిమిత్తం లేకుండా డిస్కులోని ఫైళ్లన్నీ కనిపిస్తాయి, నకలు తీసుకోవచ్చు. పాఠ్యాన్ని మాత్రం తెరిస్తే రోమన్ అక్షరాల గజిబిజి వరుస కనిపిస్తుంది. ఏ రోమన్ అక్షరం స్థానంలో ఏ తెలుగు ముక్క ఉందో చెప్పే ఆధారం ఆ ఫాంటు ఫైలు ఒక్కటే. ఫాంట్ల ఫోల్డరును కూడా సిద్ధాంత గ్రంథంతోపాటు నకలు చేసి ఉంచితే ఆ వరుసను తర్వాత యూనికోడ్‌లోకి మార్చుకునే వీలుంటుంది. ఫాంటు ఫైలు యంత్రంతోపాటే పోతే మిగిలేది అచ్చు ప్రతి మాత్రమే.